నాబ్ వదలగానే ఆరిపోయే మంట

నాబ్ నొక్కి పట్టుకున్నంతసేపు మంట బుద్ధిగా ఉంటుంది. వేలు తీస్తే చాలు, ఆరిపోతుంది. మళ్లీ నొక్కడం, మళ్లీ అగ్గిపుల్ల గీయడం, మళ్లీ అదే వరస. తెల్లవారుజామున బ్రెడ్డు పిండి పొంగి సిద్ధంగా ఉంటే, వెలగని ఓవెన్ ముందు గొంతుక్కూర్చున్న బేకరీ మాస్టరుకు ఈ బాధ తెలుసు. పాతకాలపు గ్యాస్ బాయిలర్‌తో వేడినీళ్లు నడిపే లాడ్జి కుర్రాడికి తెలుసు. లండన్ శివార్లలో పాత ఇల్లు అద్దెకు తీసుకుని డిసెంబరు చలిలో వణికే తెలుగు విద్యార్థికీ తెలుసు.

మన దగ్గరైతే ఎవరో ఒక మెకానిక్ వస్తాడు. అటూ ఇటూ చూసి, “ఈ సేఫ్టీ పీకేసి డైరెక్ట్ చేసేద్దామన్నా, ఏం గాదులే” అంటాడు. పది నిమిషాల్లో పనైపోతుంది. ఓవెన్ వెలుగుతుంది, ఓనరు సంతోషిస్తాడు. ఆ రోజు నుంచి ఆ ఓవెన్‌కు తనలో మంట ఉందో లేదో తెలియదు.

నాబ్ వదిలితే ఆరిపోయే ఈ చిన్న మంటే పైలట్ మంట. పెద్ద బర్నర్‌ను వెలిగించడం దానికున్న పనుల్లో చిన్నది. ‘నిప్పు ఉంది, గ్యాస్ వదలొచ్చు’ అని ప్రతిక్షణం సాక్ష్యం చెప్పడం పెద్దది. ఆ సాక్ష్యం అందకపోతే గ్యాస్ ఆగిపోవాలి. బేకరీ ఓవెన్ ఈ సూత్రం మీదే నడుస్తుంది. తెలుగులో దొరికిన తొలి శాసనాల్లో ఒకటి బయటపడిన కలమళ్ల ఊరి దగ్గర, ఎర్రగుంట్ల మండలంలో, 1650 మెగావాట్ల రాయలసీమ థర్మల్ పవర్ ప్రాజెక్టు ఉంది. ఆర్టీపీపీగా పిలిచే ఆ కేంద్రంలోని బాయిలర్లకూ ఇదే సూత్రం. కొలతలు మారతాయి, పరికరాలు మారతాయి, ప్రశ్న మాత్రం ఒకటే: లోపల మంట ఉందా?

లాగలేదు, పట్టుకోగలదు

పెద్ద బర్నరు పక్కన వేలెడంత పైలట్ మంట ఉంటుంది. అందులో సన్నని లోహపు కడ్డీ ఒకటి కొస ముంచి ఉంటుంది. అది థర్మోకపుల్. రెండు వేర్వేరు లోహాలను ఒక కొసన అతికి, ఆ అతుకును వేడిచేసి, రెండో కొసను చల్లగా ఉంచితే వాటి మధ్య సన్నగా విద్యుత్తు పుడుతుంది. 1821లో బెర్లిన్‌లో థామస్ యోహాన్ సీబెక్ దీన్ని గమనించాడు. రెండు లోహాలతో చేసిన చుట్టులో ఒక అతుకును వేడి చేసేసరికి పక్కనున్న దిక్సూచి ముల్లు కదిలింది. వేడి వల్ల అయస్కాంతత్వం పుట్టిందని ఆయన అనుకున్నాడు. ముల్లును కదిపింది విద్యుత్తేనని డెన్మార్క్ శాస్త్రవేత్త హాన్స్ క్రిస్టియన్ ఓర్‌స్టెడ్ తేల్చాడు. 1977లో బయలుదేరిన వాయేజర్ నౌకలు ప్లుటోనియం వేడి నుంచి విద్యుత్తు తీసేదీ ఈ సీబెక్ సూత్రంతోనే.

పుట్టే విద్యుత్తు మాత్రం బహు స్వల్పం. బాగా వాడుకలో ఉన్న క్రోమెల్-అల్యూమెల్ జంటలో ఒక్కో డిగ్రీ తేడాకు సుమారు 40 మైక్రోవోల్టులు వస్తాయి. రెండు కొసల మధ్య 600 డిగ్రీల తేడా ఉంటే 25 మిల్లీవోల్టులు. టార్చిలైటులో వేసే 1.5 వోల్టుల సెల్లుతో పోలిస్తే అరవయ్యో వంతు. పైలట్‌లో వాడే థర్మోకపుళ్లు కూడా 20 నుంచి 30 మిల్లీవోల్టుల దాకానే ఇస్తాయి.

ఇంత కొంచెం విద్యుత్తు గ్యాస్ వాల్వును తెరవలేదు. అందుకే ఆ పని మన వేలికి అప్పగించారు. వాల్వును ఒక స్ప్రింగు ఎప్పుడూ మూసే దిశలోనే తోస్తూ ఉంటుంది. మనం నాబ్ నొక్కినప్పుడు స్ప్రింగు అణిగి, వాల్వుకున్న ఇనుప బిళ్ల వెళ్లి ఒక చిన్న విద్యుదయస్కాంతానికి ఆనుకుంటుంది. ఎడంగా ఉన్న ఇనుమును లాగాలంటే బలం కావాలి. ఒకసారి ఆనుకున్న ఇనుమును జారిపోకుండా పట్టుకోవడానికి అందులో చిన్న వంతు చాలు. అర నిమిషమో నిమిషమో నొక్కి ఉంచమనేది థర్మోకపుల్ కొస ఎర్రబడి, ఆ పట్టుకు సరిపడా విద్యుత్తు పుట్టడం కోసం.

మంట ఆరితే కడ్డీ చల్లబడుతుంది, అయస్కాంతం పట్టు సడలుతుంది, స్ప్రింగు వాల్వును టక్కుమని మూసేస్తుంది. బ్యాటరీ అక్కర్లేదు, ఇంటి కరెంటు అక్కర్లేదు. ఎవరూ చూడకపోయినా ఈ పని జరిగిపోతుంది.

ఎర్రగుంట్ల జంక్షన్‌లో ఆగే గూడ్సు బండి బ్రేకులదీ ఇదే నీతి. 1872లో జార్జ్ వెస్టింగ్‌హౌస్ రూపొందించిన పద్ధతిలో, బండి పొడవునా ఉన్న గొట్టంలో గాలి ఒత్తిడి ఉన్నంతసేపే బ్రేకులు విడిచి ఉంటాయి. గొట్టం తెగినా, పెట్టెలు విడిపోయినా ఒత్తిడి పడిపోయి బ్రేకులు వాటంతటవే పడతాయి. ఏది చెడినా యంత్రం క్షేమం వైపే ఒరగాలన్నది ఈ రెండింటి వెనకా ఉన్న ఆలోచన. థర్మోకపుల్ కాలిపోయినా, తీగ తెగినా, నట్టు వదులైనా ఫలితం ఒక్కటే, గ్యాస్ ఆగిపోతుంది. కాబట్టి మాటిమాటికీ ఆరిపోయే పైలట్‌ను చూసి వాల్వు చెడిందని తీర్మానించకూడదు. సాక్ష్యం ఎక్కడ తెగుతోందో వెతకాలి.

ఎక్కడ తెగుతోంది?

వెతకబోయే ముందు ఐదు నిమిషాలు ఆగడం మొదటి పని. వంటగ్యాస్‌లోని ప్రొపేన్ గాలికంటే ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ రెండు రెట్లు బరువు. ఆరిన ఓవెన్‌లోంచి బయటపడిన గ్యాస్ పైకి పోదు, అడుగునే పరుచుకుంటుంది. గాలిలో దాని వంతు సుమారు 2 నుంచి 9.5 శాతం మధ్య ఉంటే రవ్వ తగలగానే భగ్గుమంటుంది. తలుపులు తీయాలి, స్విచ్చులు ముట్టుకోకూడదు. ఇథైల్ మెర్‌కాప్టాన్ కలపడం వల్ల వచ్చే ఆ ముక్కుపుటాలదిరే వాసన పోయాకే అగ్గిపుల్ల గీయాలి. వాసన పోకపోతే సిలిండరు రెగ్యులేటరు కట్టేసి బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయాలి.

పైలట్ అసలు అంటుకోకపోతే అనుమానం జెట్ మీదికి పోవాలి. గ్యాస్ బయటికొచ్చే ఆ రంధ్రం మిల్లీమీటరులో చిన్న వంతు. ఎర్రగుంట్ల లాంటి చోట అది పూడుకుపోవడానికి పెద్ద కారణం అక్కర్లేదు. ఒకపక్క నాపరాయి గనులు, కోత మిషన్లు. ఇంకోపక్క సిమెంటు కర్మాగారాలు, బూడిద లారీలు. ఆషాఢం గాలి లేచిందంటే ఊళ్లో దుమ్ము పడని చోటుండదు. బేకరీల్లో దీనికి మైదా పొడి తోడు. సూదితో కెలికితే జెట్ తెరుచుకుంటుంది కానీ రంధ్రం పెద్దదైపోతుంది, గ్యాస్ లెక్క తప్పుతుంది. విప్పి ద్రావకంలో నానబెట్టి గాలి ఊదడం సరైన పద్ధతి. అప్పటికీ బాగుపడకపోతే కొత్త జెట్ వేయాలి.

అంటుకుంది కానీ మంట సోలిపోతోందా? రంగు చూడాలి. సరిగ్గా గాలి కలిసిన మంట నీలంగా, గట్టిగా నిలబడుతుంది. పొడవుగా, మెత్తగా, పసుపుగా ఊగుతుంటే గాలి చాలడం లేదని అర్థం. కాలని కర్బనం మసిరేణువులై మంటలో మెరుస్తోందన్నమాట. గాలి వచ్చే కంతలు దుమ్ముతో మూసుకుపోయి ఉంటాయి. ఇక్కడ ఒక తేడా గమనించాలి. నీలం మంటలో అక్కడక్కడా నారింజ రంగు చిటపటలు కనిపిస్తే అది వేరే సంగతి. సున్నపురాయి దుమ్ములోని కాల్షియం మంటలో పడితే నారింజ ఛాయ వస్తుంది, ఉప్పులోని సోడియం పడితే పసుపు. గదిలో దుమ్ము ఉందని తప్ప మంట చెడిందని అర్థం కాదు. మసి పసుపును, దుమ్ము పసుపును విడదీయగలిగితే సగం పరీక్ష అయిపోయినట్టే.

మంట బాగానే ఉండి నాబ్ వదలగానే ఆరిపోతుంటే థర్మోకపుల్ దగ్గరికి రావాలి. కొస నుంచి సుమారు ఒక సెంటీమీటరు దాకా కడ్డీని మంట చుట్టుముట్టి ఉండాలి. ఏళ్ల తరబడి కదలికల వల్ల కడ్డీ కొద్దిగా పక్కకు వాలినా, మంట కొస మాత్రమే తగిలినా వోల్టేజీ చాలదు. అది సరిగ్గా ఉంటే వాల్వు దగ్గరి నట్టు చూడాలి. పాతికో ముప్ఫయ్యో మిల్లీవోల్టులతో నడిచే వలయంలో పల్చటి తుప్పు పొర కూడా పెద్ద అడ్డంకి. ఇంటి కరెంటు లెక్క చేయని మురికి ఇక్కడ దారి మూసేస్తుంది. నట్టు విప్పి, సన్న ఎమెరీ కాగితంతో మెరిసేలా రుద్ది, చేత్తో బిగించి, ఆపైన స్పానరుతో పావు చుట్టు తిప్పితే చాలు. బలమంతా పెట్టి బిగిస్తే లోపలి ఇన్సులేషన్ నలిగిపోతుంది.

ఆ తర్వాత మల్టీమీటరు. కొసను మంటలో ఉంచి నిమిషం తర్వాత కొలిస్తే 20 మిల్లీవోల్టులకు పైన రావాలి. పదికి దగ్గర్లో ఊగిసలాడుతుంటే ఆ కడ్డీ రోజులు అయిపోయాయి. నిత్యం మంటలో ఉన్న లోహం ఆక్సీకరణ చెంది అరిగిపోవడం సహజమే. వోల్టేజీ నిండుగా ఉన్నా వాల్వు నిలవకపోతే తప్పు విద్యుదయస్కాంతానిది, అప్పుడు వాల్వు మార్చాలి. పైలట్ ఒంటరిగా బాగానే ఉండి, పెద్ద బర్నరు తెరవగానే ఆరిపోతోందంటే గ్యాస్ ఒత్తిడి పడిపోతోంది. మన దేశంలో ఇళ్ల గ్యాస్ పొయ్యిలకు రెగ్యులేటరు ఇచ్చేది చదరపు సెంటీమీటరుకు 30 గ్రాముల ఒత్తిడి మాత్రమే. నలిగిన గొట్టం, పాత రెగ్యులేటరు దాన్ని ఇంకా తగ్గిస్తాయి. ఒకే బండ మీద ఎక్కువ బర్నర్లు పెడితే లోపలి ద్రవం ఆవిరయ్యే క్రమంలో సిలిండరు చల్లబడిపోతుంది, గ్యాస్ రావడం మందగిస్తుంది. బండ ఒంటికి చెమట పట్టడం దానికి గుర్తు. అప్పుడు దాని మీద వేడినీళ్లు పోయడం ప్రమాదం. రెండో బండ జోడించడం మార్గం.

ఆరడమే మేలు చేసే చోటు

కొన్నిసార్లు ఇవన్నీ సరిగ్గా ఉన్నా పైలట్ ఆరిపోతుంది. అప్పుడు గదిని పరీక్షించాలి.

మంట ఒక చోట నిలబడడం వెనక చిన్న లెక్క ఉంది. గ్యాస్, గాలి కలిసిన మిశ్రమంలో మంట సెకనుకు సుమారు 40 సెంటీమీటర్ల వేగంతో పాకుతుంది. జెట్‌లోంచి మిశ్రమం అంతకంటే వేగంగా వస్తే మంట ఎగిరి దూరం జరుగుతుంది. నెమ్మదిగా వస్తే మంట వెనక్కి గొట్టంలోకి దూరుతుంది. ఈ రెండు వేగాలూ సరిసమానమైన చోటే మంట నిలుస్తుంది. గదిలో ఆక్సిజన్ తగ్గితే మంట పాకే వేగం తగ్గుతుంది, కాబట్టి మంట జెట్ నుంచి పైకి లేస్తుంది. దీన్నే ఉపయోగించుకుని కొన్ని రూమ్ హీటర్ల పైలట్లను తయారు చేస్తారు. మామూలు గాలిలో 20.9 శాతం ఉండే ఆక్సిజన్ 18 శాతం దగ్గరికి జారేసరికి మంట లేచి థర్మోకపుల్‌కు దూరమవుతుంది, గ్యాస్ ఆగిపోతుంది.

మూసిన స్నానాల గదిలో గ్యాస్ గీజర్ వల్ల చనిపోయినవారి వార్తలు మనకు ప్రతి చలికాలం కనిపిస్తూనే ఉంటాయి. ఆక్సిజన్ చాలక సగం కాలిన ఇంధనం కార్బన్ మోనాక్సైడ్ ఇస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్‌కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. గాలి ఆడని గదిలో పైలట్ పదేపదే ఆరుతోందంటే కిటికీ తెరవమని అది చెబుతున్నట్టే. బ్రిటన్‌లో ఇతరుల ఇళ్లలో గ్యాస్ పరికరాలు విప్పేవారు గ్యాస్ సేఫ్ రిజిస్టరులో నమోదై ఉండాలని చట్టం పెట్టింది ఇలాంటి కారణాల వల్లే. అక్కడి మనవాళ్లు బాయిలర్ మూత విప్పే సాహసం మానుకోవాలి.

ఇప్పుడు మన ఇళ్లకు వచ్చే గీజర్లలో చాలావాటికి పైలట్ ఉండదు. కుళాయి తిప్పగానే బ్యాటరీ రవ్వ పుట్టిస్తుంది, మంటలో నిలిపిన ఒక కడ్డీ నిప్పు ఉందో లేదో చెబుతుంది. మంటలో విద్యుదావేశమున్న అయాన్లు ఉంటాయి కాబట్టి అది కొన్ని మైక్రో ఆంపియర్ల విద్యుత్తును మోయగలదు. పైగా ఒక దిశలో ఎక్కువగా, ఎదురు దిశలో తక్కువగా మోస్తుంది. తడి తగిలి కడ్డీ షార్ట్ అయితే విద్యుత్తు రెండు దిశల్లోనూ సమానంగా పోతుంది. ఆ తేడా పట్టే ఏర్పాటున్న పరికరాల్లో తడి, మంటలా నటించలేదు. ఈ గీజర్లు మొరాయిస్తే ముందు సెల్లులు మార్చి చూడాలి, తర్వాత కడ్డీ మసి తుడవాలి. సున్నపురాయి నేల మీది బోరు నీళ్లు వాడేచోట మూడో అనుమానితుడు లోపలి రాగి గొట్టంలో పేరుకున్న గట్టి పొర. అది వేడిని నీటికి చేరనివ్వదు, గొట్టం కాగిపోయి మరో రక్షణ మీట పడిపోతుంది.

కలమళ్లలో మంటకు కాపలా

ఆర్టీపీపీలో మొదటి యూనిట్ 1994లో మొదలైంది. ఇప్పుడక్కడ 210 మెగావాట్లవి ఐదు, 2018లో చేరిన 600 మెగావాట్లది ఒకటి ఉన్నాయి. 210 మెగావాట్ల యూనిట్ నిండు లోడు మీద సెకనుకు 35-40 కిలోల బొగ్గు మింగుతుంది. అదీ రాళ్లుగా కాదు, 75 మైక్రాన్ల జల్లెడలో 70 శాతం జారిపోయేంత మెత్తని పొడిగా. మన దేశంలోని ఇలాంటి బాయిలర్లలో ఎక్కువవాటిలో ఆ పొడిని నాలుగు మూలల నుంచి వేడిగాలితో కొద్దిగా పక్కవాటుగా ఊదుతారు. నడిమధ్యన అది సుడి తిరుగుతూ ఒకే పెద్ద అగ్నిగోళంగా మండుతుంది.

చల్లని కొలిమిలో బొగ్గుపొడి తనంతట తాను అంటుకోదు. ముందు చమురు గన్నులు వెలిగించాలి, వాటిని వెలిగించడానికి విద్యుత్ రవ్వ కావాలి. రవ్వ చమురును, చమురు బొగ్గును అంటిస్తాయి. బేకరీ పైలట్ పనే ఇక్కడ రెండంచెలైంది. ఆ మొదటి రవ్వకు ముందు కనీసం 30 శాతం గాలితో ఐదు నిమిషాలపాటు కొలిమిని ఊడ్చేస్తారు. మూల మూలలా మిగిలిన ఇంధనం బయటికి పోవాలి. ఓవెన్ ముందు మనం ఆగే ఐదు నిమిషాలకూ దీనికీ కారణం ఒక్కటే.

మంట ఉందో లేదో చెప్పడానికి మాత్రం ఇక్కడ థర్మోకపుల్ చాలదు. అది చల్లబడడానికి పట్టే అర నిమిషంలో వెయ్యి కిలోలకు పైగా బొగ్గుపొడి లోపలికి వచ్చి పడుతుంది. అది ఒక్కసారి అంటుకుంటే కొలిమి గోడలు నిలవవు. అందుకే వెలుగును చూసే ఫ్లేమ్ స్కానర్లు పెడతారు. వెలుగు కనిపిస్తే చాలదు కూడా. మంట ఆరిన తర్వాత కూడా కొలిమి లోపలి బూడిద పెళ్లలు ఎర్రగా కాగుతూనే ఉంటాయి. కాకపోతే కాగిన పెళ్ల వెలుగు నిలకడగా ఉంటుంది, మంట వెలుగు సెకనుకు ఎన్నోసార్లు రెపరెపలాడుతుంది. స్కానరు ఆ రెపరెపలను వెతుకుతుంది. అవి ఆగిపోతే బొగ్గు, చమురు దారులన్నీ ఒక్కసారిగా మూసేస్తారు. ప్లాంటు భాషలో అది ‘ట్రిప్’.

స్కానర్లకూ రోగాలుంటాయి. అద్దం మీద బూడిద పేరుకుంటుంది, చల్లబరిచే గాలి తగ్గుతుంది, వెలుగును మోసే ఫైబర్ మాడిపోతుంది. అప్పుడు మంట ఉన్నా లేదని చెబుతుంది. ఒక్క స్కానరు మాట విని 210 మెగావాట్లు ఆపేస్తే గ్రిడ్‌కు దెబ్బ. దాని నోరు మూసేస్తే బాయిలర్‌కు ముప్పు. ఇంజనీర్లు సాక్షుల సంఖ్య పెంచి ఈ చిక్కు విడదీశారు. ఒక్కో అంతస్తులో నాలుగు మూలలా నాలుగు స్కానర్లు ఉంటాయి. వాటి ఓట్లు లెక్కపెట్టి, తగినన్ని మంట లేదంటేనే ట్రిప్ చేస్తారు. సేఫ్టీ తరచూ విసిగిస్తుంటే దాన్ని మరింత నమ్మదగినదిగా చేయాలి. ‘డైరెక్ట్’ చేసే మెకానిక్కుకు తట్టని సంగతి ఇదే.

పగటి ఎండ, పల్చబడే మంట

ఈ పాత ప్రశ్నకు ఇప్పుడు కొత్త ఒత్తిడి వచ్చింది. ఆర్టీపీపీకి దగ్గర్లోనే మైలవరంలో సోలార్ పార్కు ఉంది. కడప, కర్నూలు, అనంతపురం మెట్టల మీద ఎండ కాసినంతసేపూ కరెంటు వస్తుంది. ఆ సమయంలో బొగ్గు యూనిట్లు తగ్గాలి, పొద్దుగూకగానే మళ్లీ పెరగాలి. బొగ్గు యూనిట్లు తమ సామర్థ్యంలో 55 శాతానికి దిగగలగాలని, దశలవారీగా 40 శాతానికి రావాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో నిబంధనలు తెచ్చింది.

లోడు తగ్గితే గాలిలో బొగ్గుపొడి పల్చబడుతుంది, కొలిమి వేడి తగ్గుతుంది. ముందు మండే రేణువు నుంచి పక్క రేణువుకు చేరాల్సిన వేడి దారిలోనే సన్నగిలిపోతుంది. మంట పాకే వేగం, ఊదే గాలి వేగం సరిపోలక అగ్నిగోళం తడబడుతుంది. స్కానర్ల ఓట్లు మారుతుంటాయి. ఆసరాగా చమురు గన్నులు మళ్లీ వెలిగించాలి, చమురేమో బొగ్గుకంటే చాలా ఖరీదు. చమురు లేకుండా తక్కువ లోడులో మంటను నిలబెట్టడం, ఆ బలహీనమైన మంటను పొరపాటు లేకుండా గుర్తుపట్టడం ఇప్పుడు దేశమంతటా థర్మల్ ఇంజనీర్ల ముందున్న పని.

ఆర్పి చూడాలి

థర్మోకపుల్ ఖరీదు కొన్ని వందల రూపాయలు. మార్చాక పైలట్ నిలబడింది, నాబ్ వదిలినా వెలుగుతోంది. చాలామంది అక్కడితో సామాన్లు సర్దేస్తారు. అప్పటికి సగం మరమ్మతే తేలింది. మంట ఉన్నప్పుడు గ్యాస్ వస్తోందని మాత్రమే రుజువైంది. ‘డైరెక్ట్’ చేసిన ఓవెన్‌లోనూ అంతే వస్తుంది.

మిగతా సగం తేలాలంటే మంటను ఆర్పాలి. తలుపులు తెరిచి ఉంచి, పెద్ద బర్నరు కట్టేసి, పైలట్‌ను ఊది ఆర్పి, గడియారం చూస్తూ చెవి ఒగ్గాలి. నిమిషం, మహా అయితే ఒకటిన్నర నిమిషం లోపల వాల్వు టక్కుమని పడాలి. ఆ తర్వాత నాబ్ నొక్కకుండా అగ్గిపుల్ల చూపిస్తే ఏమీ అంటుకోకూడదు. థర్మల్ కేంద్రాల్లోనూ పెద్ద మరమ్మతుల తర్వాత బాయిలర్ వెలిగించే ముందు ట్రిప్ ఏర్పాట్లను ఒక్కొక్కటిగా పరీక్షిస్తారు. తప్పుడు సంకేతం ఇచ్చి వాల్వులు మూసుకుంటున్నాయో లేదో చూస్తారు. మెకానిక్కుకు డబ్బులిచ్చే ముందు ఈ ఒక్క పరీక్ష చేసి చూపించమని అడగండి. ఆ టక్కుమనే చప్పుడు రాకపోతే పని పూర్తికానట్టే.